రెండో అవుటు పడగానే: ఒక బీరు స్టాలు ప్రాజెక్టు డైరీ

మార్చి, సీజను మొదలయ్యే ముందు

టెక్సస్‌లో మేముండే ఊరి బేస్‌బాల్ మైదానంలో ఈ ఏడాది మా తెలుగు సంఘానికి ఒక బీరు స్టాలు అప్పగించారు. అమెరికాలో చాలా మైదానాల్లో ఇది మామూలు ఏర్పాటే. తినుబండారాల కాంట్రాక్టు తీసుకున్న సంస్థ కొన్ని స్టాళ్ళను లాభాపేక్ష లేని సంఘాలకు ఇస్తుంది. మనుషులను సంఘం పంపుతుంది, అమ్మకాల్లో ఒప్పుకున్న శాతం సంఘం ఖాతాలో పడుతుంది. మాకు వచ్చే సొమ్ము పిల్లల తెలుగు బడి పుస్తకాలకు వెళ్తుంది. అక్షరాభ్యాసానికి బీరు అమ్మిన సొమ్మా అని కమిటీలో ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. పాప్‌కార్న్ స్టాలు అడిగితే ఖాళీ లేదన్నారని చెప్పాక ఆయన ఊరుకున్నారు గానీ, ఒప్పుకున్నారని మాత్రం అనలేను.

ఈ డైరీలో రాసుకోదలచింది ఒక్క విషయం గురించే: మనిషి వరుసలో మొదటికి వచ్చినప్పటి నుంచి కప్పు చేతికి అందేవరకు పట్టే సమయాన్ని, బీరు పారబోయకుండా, చట్టం దాటకుండా ఎంతవరకు తగ్గించగలం?

ఇంత పట్టింపు ఎందుకంటే అమ్మే సమయమే తక్కువ. బేస్‌బాల్‌లో మూడు అవుట్లు పడగానే బ్యాటింగ్ రెండో జట్టుకు మారుతుంది. అలా తొమ్మిది ఇన్నింగ్సులు, ఒక్కోదానిలో రెండు సగాలు. జనం సీట్లు వదిలి స్టాళ్ళ మీద పడేది ముఖ్యంగా ఆ సగాల నడుమ దొరికే రెండు నిమిషాల చిన్న విరామాల్లోనే. ఏడో ఇన్నింగ్సు ముగిశాక మా మైదానంలో బీరు అమ్మకూడదు. దానికి తోడు ఇన్ని సెకన్లలోపే బంతి వేయాలని గడియారం పెట్టాక ఆటల నిడివే తగ్గిపోయింది. అమెరికాలో పై అంచె పోటీ అయిన మేజర్ లీగ్‌లో తొమ్మిది ఇన్నింగ్సుల ఆటకు 2022లో సగటున 3 గంటల 4 నిమిషాలు పట్టగా, గడియారం వచ్చిన 2023లో అది 2 గంటల 40 నిమిషాలకు దిగింది. ఆ లోటు పూడ్చుకోవడానికి మిల్వాకీ, టెక్సస్ రేంజర్స్ వంటి కొన్ని పెద్ద జట్లు బీరు అమ్మకాన్ని ఎనిమిదో ఇన్నింగ్సు దాకా పొడిగించాయి. మాది చిన్న మైదానం, మా గడువు మారలేదు.

ఈ నెలంతా శిక్షణతోనే గడిచింది. రాష్ట్ర మద్య నియంత్రణ కమిషన్ గుర్తించిన శిక్షణ పూర్తిచేసి, అందరం రెండేళ్ళు చెల్లే ధ్రువపత్రాలు తీసుకున్నాం. 21 ఏళ్ళు నిండని వారికి అమ్మకూడదు, మత్తు తలకెక్కినవారికి అమ్మకూడదు, పోసే మనిషికి 18 దాటి ఉండాలి. ఈ మూడింటిలో రెండోది పాటించడమే కష్టం, ఎందుకంటే దానికి చూపించమని అడగడానికి కార్డు ఉండదు.

ఏప్రిల్ రెండో వారం

మొదటి ఆటల్లో మా కుర్రవాళ్ళ దృష్టంతా చేతివేగం మీదే ఉంది. నేను లెక్క వేసి చూస్తే అక్కడ మిగిలేది పెద్దగా ఏమీ లేదు. సరిగ్గా అమర్చిన కుళాయి నుంచి బీరు సెకనుకు రెండు ఔన్సుల చొప్పున వస్తుంది. 16 ఔన్సుల కప్పు, అంటే సుమారు 473 మిల్లీలీటర్లు, నిండడానికి ఎనిమిది సెకన్లు కావాలి. 24 ఔన్సుల కప్పుకు పన్నెండు. మేము వాడే పెద్ద పీపాలో 15.5 గ్యాలన్లు, అనగా 1,984 ఔన్సులు ఉంటాయి. ఒక్క చుక్క పోకపోతే 124 చిన్న కప్పులు. కుళాయి కట్టకుండా వదిలేస్తే పీపా పదహారున్నర నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఎంత నేర్పరి అయినా ఆ ధారకంటే వేగంగా పోయలేడు. కాబట్టి పోగొట్టుకుంటున్న సమయం ధార ఆగినచోట, ధార నురగైపోయినచోట వెతకాలి.

నురగ సంగతి గోలీసోడా కొట్టి తాగినవాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఎండలో ఉన్న సీసా కొడితే సగం సోడా చేతిమీదకే వస్తుంది. చల్లదనం ఉన్నంతసేపూ, పైనుంచి ఒత్తిడి ఉన్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్ బీరులో కరిగి కూర్చుంటుంది. ఆ రెండింటిలో ఏది తప్పినా బయటపడుతుంది. పీపాలుంచే చల్లగది గోడలోంచి నేరుగా కుళాయికి వచ్చే మాలాంటి ఏర్పాటుకు 38 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 3.3 సెల్సియస్, 12 నుంచి 14 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి సరిపోతాయి.

మా బృందంలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన తమ్ముడొకడు వాయువు ఒత్తిడిని సరిచేసే రెగ్యులేటరు దగ్గర నిలబడి, "అన్నయ్యా, ఇంకో అయిదు పాయింట్లు పెంచితే ధార ఇంకా జోరుగా వస్తుంది కదా?" అన్నాడు. మైదానం తరఫున కుళాయిలు చూసుకునే మెకానిక్ ఆ మాట నేను తర్జుమా చేయకముందే అతని వేలు ఎక్కడుందో చూసి అర్థం చేసుకుని, ముందు ఆ వేలిని పక్కకు తీయించాడు. పీపా నుంచి కుళాయికి వచ్చే సన్న గొట్టం లోపలి వ్యాసం 3/16 అంగుళం. ఆ గొట్టంలో ప్రతి అడుగుకు సుమారు మూడు పీఎస్‌ఐ ఒత్తిడి రాపిడికే ఖర్చవుతుంది. పీపా దగ్గరి ఒత్తిడి కుళాయి దగ్గరికి వచ్చేసరికి దాదాపు హరించుకుపోయేలా గొట్టం పొడవు కొలిచి కోస్తారు. ఒత్తిడి పెంచితే ధార జోరందుకుంటుంది, నిజమే. కానీ ఆ జోరుకు బీరు కప్పులో సుడి తిరిగి నురగవుతుంది, ఆట సాగేకొద్దీ పీపాలోని బీరు ఎక్కువ వాయువు పీల్చుకుని ఇంకా మొండికేస్తుంది. రెగ్యులేటరు మీద ఇప్పుడు ఒక టేపు అంటించి ఉంది.

అసలు దోషం ఉష్ణోగ్రతలో దొరికింది. పోసిన రెండో కప్పులో థర్మామీటరు ముంచితే 43 డిగ్రీలు చూపించింది, గది గోడ మీద మాత్రం 37 ఉంది. మొదటి కప్పును లెక్కలోకి తీసుకోకూడదు. కుళాయి లోహం వెచ్చగా ఉండడం వల్ల అది ఎప్పుడూ తప్పుడు సాక్ష్యమే చెబుతుంది. గది చల్లగా ఉండి బీరు వెచ్చగా ఉండడానికి కారణం, పీపాలు ఆటరోజు ఉదయమే లారీ దిగడం. డెబ్భై కిలోలు దాటే నిండు పీపాకు లోపలిదాకా చలి ఎక్కాలంటే దాదాపు రోజంతా పడుతుంది. మేనేజరుతో మాట్లాడి సరఫరాను ముందురోజుకు మార్పించాం, దిగిన తేదీని పీపా మీద సుద్దముక్కతో రాసి పాతవి ముందు వాడుతున్నాం. ఈ ఒక్క మార్పుతో కాలువలో పోసే బీరు సగానికి పైగా తగ్గింది. సీజనంతటిలో నేను చేసే పనుల్లో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ ఫలం ఇచ్చింది మరొకటి ఉండదనుకుంటాను.

ఇంకొకటి కూడా గమనించాలి. జట్టు వేరే ఊళ్ళకు ఆడడానికి వెళ్ళినప్పుడు గొట్టాల్లో మిగిలిన బీరు వారంపాటు నిలవ ఉంటుంది. తిరిగి వచ్చిన రోజు గేట్లు తెరవకముందే దాన్ని వంపేయాలి, లేకపోతే మొదటి కొనుగోలుదారులే పరీక్షకులవుతారు. గొట్టాలను పద్నాలుగు రోజులకొకసారి క్షార ద్రావణంతో కడగాలన్నది ఈ వృత్తిలో అందరూ ఒప్పుకున్న నియమం. దాన్ని మెకానిక్ చూసుకుంటాడు. కడిగిన తేదీని నేను చూసుకుంటాను.

ఏప్రిల్ చివర

ఇప్పుడు చేతిపని. కప్పును అంచు దగ్గర కాక అడుగున పట్టుకోవాలి. ఇది శుభ్రతకూ మంచిది, వేళ్ళ వేడి బీరుకు తగలదు. కుళాయి ముక్కుకు అంగుళం కింద, నలభై అయిదు డిగ్రీలు వాల్చి, ధార లోపలి గోడ మీద పడేలా ఉంచాలి. పిడిని పైకొస దగ్గర కాకుండా మొదట్లో పట్టుకుని ఒక్క ఊపున పూర్తిగా లాగాలి. కొత్తవాళ్ళు భయంతో సగమే లాగుతారు. సగం తెరిచిన కుళాయిలో బీరు ఇరుకు సందులోంచి చిమ్ముకుంటూ వచ్చి వచ్చిందంతా నురగే అవుతుంది. కప్పు సగం దాటాక మెల్లగా నిలువుకు తేవాలి, చివరి భాగం నడుమన పడాలి, పైన ఒక అంగుళం లోపు నురగ నిలవాలి. కట్టడం కూడా ఒక్క ఊపునే. కుళాయి ముక్కు బీరులో మునగకూడదు. మునిగితే నురగ పెరగడమే కాక, ముక్కు మీద ఎండిన బీరు తరువాతి కప్పులోకి చేరుతుంది.

పూర్తిగా నురగ లేకుండా పోయాలని మా వాళ్ళలో ఒకావిడ చాలా శ్రమపడ్డారు. నురగ తీసి మళ్ళీ పోసి, మళ్ళీ తీసి, చివరికి నిండు కప్పు ఇచ్చేవారు. కొన్నాయన సంతోషించాడు గానీ వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. సన్నని నురగ ఉండడమే సరైన కొలత అని ఆమెను ఒప్పించడానికి నాకు రెండు ఆటలు పట్టింది.

అనుభవం వచ్చాక ఒకే రకం బీరు పక్కపక్క కుళాయిల్లో ఉన్నచోట రెండు చేతులా రెండు కప్పులు పట్టవచ్చు. రెండు పిడులూ ఒకేసారి లాగకుండా రెండు సెకన్ల తేడాతో లాగాలి. ఒకదాన్ని నిలువుకు తెచ్చేటప్పుడు రెండోది ఇంకా వాలి ఉంటుంది కాబట్టి కళ్ళకు ఒకసారికి ఒకే పని. అందుకే ఎక్కువగా అమ్ముడుపోయే రకాన్ని జంట కుళాయిలకు మార్పించుకున్నాం.

ఈ శ్రమ అంతా తప్పించే యంత్రాలు కొన్ని మైదానాల్లో ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని మాంటెసానో ఊరికి చెందిన జాష్ స్ప్రింగర్ తయారుచేసిన పద్ధతిలో కప్పు అడుగున రంధ్రం, దానిమీద అయస్కాంతపు బిళ్ళ ఉంటాయి. కప్పును యంత్రం మీద నొక్కితే బిళ్ళ లేచి బీరు కిందినుంచి నిండుతుంది, తీయగానే బిళ్ళ అతుక్కుని రంధ్రం మూసుకుంటుంది. చెయ్యి పట్టి ఉంచనక్కర్లేదు కాబట్టి ఒక మనిషి వరుసగా నాలుగు కప్పులు పెట్టి పక్కకు తిరిగి మరో పని చూసుకోవచ్చు. కప్పులు ప్రత్యేకంగా కొనాలి. మా స్థాయి స్టాలుకు అది రాదు, అడగనూ లేదు.

మే

కుళాయి దారికి వచ్చాక గడియారం పట్టుకుని వరుసను చూశాను. ఒక్కో మనిషికి ముప్పావు నిమిషం పడితే అందులో పోసే పని పదిహేను సెకన్లు మించదు. మిగతాదంతా మాటల్లోనూ, కార్డుల్లోనూ పోతోంది. "ఏమేమి ఉన్నాయి?" అన్న ప్రశ్న అన్నిటికంటే ఖరీదైనది. బీరు రకాల పేర్లు రాసిన పలకను కౌంటరు వెనక గోడమీద నుంచి తీసి, వరుసలో నాలుగో మనిషికి కనిపించేచోట వేలాడదీశాం. ఇప్పుడు చాలామంది పేరు చెబుతూనే వస్తున్నారు.

పనిని ముగ్గురికి పంచాం. మొదటివారు వయసు చూసి, ఏం కావాలో అడిగి, రెండోవారికి వినిపించేలా గట్టిగా చెబుతారు. ఆ మాట వినగానే రెండోవారు కుళాయి తిప్పుతారు, కార్డు యంత్రం పని అయ్యేదాకా ఆగరు. కార్డు గీసే తెరను, టిప్పు ఎంత అని అడిగే ఆ ఇబ్బందికరమైన ప్రశ్నతో సహా, కొనుగోలుదారు వైపు ముందే తిప్పి పెడతాం. ఆయన ఆలోచించుకునే ఎనిమిది సెకన్లలో కప్పు నిండుతుంది. మూడోవారు కప్పులు అందించడం, పీపా మార్చడం, నేల తుడవడం చూసుకుంటారు.

వయసు చూసే పని మాస్టారుగారిది. గుంటూరులో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి పుట్టిన తేదీ కనబడగానే వయసు నోటికొస్తుంది. టెక్సస్‌లో 21 నిండనివారి లైసెన్సు నిలువుగా ఉంటుంది. నిలువు కార్డు బయటికి వస్తూనే మాస్టారు తల అడ్డంగా ఊగుతుంది. నెరిసిన జుట్టు ఉన్నవాళ్ళనూ కార్డు అడుగుతున్నారని నేనొకసారి, "మాస్టారూ, ఆయనకు మనవలుంటారండీ, వదిలేయండి" అన్నాను. "నాయనా, ఒకరిని అడిగి ఒకరిని వదిలితే ప్రతి మనిషి దగ్గరా ఆగి ఆలోచించాలి. అందర్నీ అడిగితే ఆలోచనే అక్కర్లేదు" అన్నారు. గడియారంతో చూస్తే ఆయన మాటే నిజమైంది: వరుసలో వెనక ఉన్నవాళ్ళు ముందువాళ్ళను చూసి కార్డు ముందే చేతిలో పట్టుకుంటున్నారు.

ఇక ఈ డైరీకి పేరుపెట్టిన కిటుకు. స్టాలుకు ఎదురుగా ఒక తెర మీద ఆట కనబడుతూ ఉంటుంది. సగం ఇన్నింగ్సులో రెండో అవుటు పడిందంటే విరామం ఎప్పుడైనా రావచ్చు. ఆ క్షణాన ఎక్కువగా అమ్ముడుపోయే రకం ఆరు కప్పులు పోసి వరుసగా పెడతాం. మూడో అవుటు పడి జనం మెట్లు ఎక్కేలోపు మొదటి ఆరుగురి బీరు సిద్ధం. ఆరు మించితే ప్రమాదం. ఆట సాగితే కప్పుల్లో నురగ చచ్చి బీరు వెచ్చబడుతుంది. అరుదుగా అమ్ముడయ్యే రకాలను ఇలా ముందే పోయడం దండగ. క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని మా వాళ్ళకు ఈ పద్ధతి పుణ్యమా అని బేస్‌బాల్ ఒంటబట్టింది. బంతి వేసే పిచ్చరు చెయ్యి అలసిపోయిందని కుళాయి దగ్గర వ్యాఖ్యానాలు కూడా మొదలయ్యాయి.

పీపా మార్చడం విరామంలో చేయకూడని పని. మనిషి బలం మీద కంటే ముందుచూపు మీద ఆధారపడినది ఇది. పీపాను కదిలిస్తే అంచు శబ్దాన్ని బట్టి, బరువును బట్టి ఎంత ఉందో తెలుస్తుంది. అడుగంటే సూచనలుంటే బ్యాటింగ్ నడుస్తుండగానే, పిడి ఎత్తి, గొట్టం చివరి మూతిని పావు చుట్టు తిప్పి తీసి, కొత్తదానికి బిగించి, పిడి టక్కుమనేలా నొక్కాలి. కొత్త పీపాను ఆ గదిలో ముందే దాని చోట నిలబెట్టి ఉంచుతాం. అప్పుడు దొర్లించి తెస్తే కుదుపుకు మళ్ళీ నురగే.

జూన్, ఎండలు ముదిరాక

ఎడమ మైదానం వైపు చక్రాల బండి ఒకటి మాకే అప్పగించారు. దానికి చల్లగది లేదు. మంచు నింపిన పెట్టె అడుగున అల్యూమినియం పలక, ఆ పలకలోపల సన్న గొట్టాలు. వాటిగుండా వచ్చేలోపు బీరు చల్లబడాలి. బయట నూరు ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటితే ఈ పలకకు పరీక్షే. మంచు పలకకు ఆనుకున్నచోట కరిగి, పైన మాత్రం గట్టిగా నిలిచి, మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. పెట్టె నిండా మంచు కనబడుతూనే ఉంటుంది, పలక మాత్రం వెచ్చబడుతుంది. అందుకని ప్రతి ఇన్నింగ్సుకూ ఒకసారి గరిటెతో మంచును కుళ్ళగించి కిందికి దించాలి, కరిగిన నీళ్ళను మరతిప్పి వదిలేయాలి. పలక బదులు చుట్టగా చుట్టిన గొట్టాలున్న పెట్టెల్లో వ్యవహారం తిరగబడుతుంది: అక్కడ మంచు ముక్కల సందుల్లో నీళ్ళు ఉంటేనే గొట్టాలన్నిటికీ చలి తగులుతుంది. రెండు రకాల పెట్టెలూ పైనుంచి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మూత మీద పెద్ద అక్షరాలతో "నీళ్ళు తీయాలి" అని తెలుగులో రాశాం. పీపా కూడా ముందే చల్లబడినదై ఉండాలి. వెచ్చని పీపాను రక్షించే శక్తి ఆ పలకకు లేదు.

బండి దగ్గర ఉండగా గ్యాలరీల్లో తిరిగి అమ్మే ఒక పెద్దాయన పనితనం చూసే భాగ్యం కలిగింది. అరవై దాటాయి, ఈ పనిలో దశాబ్దాలు గడిచాయి. పెట్టెలో 16 ఔన్సుల డబ్బాలు ఇరవై నాలుగు. బీరే పదకొండు కిలోలు దాటుతుంది, మంచు బరువు వేరే. డబ్బా అలాగే ఇవ్వకూడదు, కప్పులో పోసి ఇవ్వాలన్నది మైదానం నియమం. ఆయన డబ్బా మూత ఎత్తి, కప్పును దానిమీద బోర్లించి, రెండింటినీ కలిపి ఒక్క మణికట్టు తిప్పుతో తలకిందులు చేస్తాడు. డబ్బా నోరు కప్పు అడుగున ఉంటుంది, బీరు ఆ నోటి మట్టం దాకా వచ్చి ఆగుతుంది. ఇక డబ్బాను మెల్లగా పైకి లాగుతూ పోతాడు. నోరు ఎప్పుడూ బీరులోపలే ఉంటుంది కాబట్టి ధార గాలిలో పడదు, నురగ రేగదు. ఆ లాగుతున్న చేత్తో కాక రెండో చేత్తో అప్పటికే కార్డు యంత్రం వరుస చివరి మనిషికి అందించి ఉంటాడు. బంతి వేస్తున్నప్పుడు మెట్టు మీద గొంతుక్కూర్చుంటాడు, వెనకవారికి ఆట అడ్డురాకుండా. వాళ్ళు ఆయన దగ్గరే కొనడానికి అదీ ఒక కారణం.

జపాన్ బేస్‌బాల్ మైదానాల్లో బీరు పీపాను వీపున కట్టుకుని, గొట్టంతో సీటు దగ్గరే పోసి ఇచ్చే అమ్మాయిలుంటారు. టోక్యో డోమ్‌లోనూ కోషియెన్‌లోనూ అది పెద్ద ఆకర్షణ. ఆ వీపుబరువు పదిహేను కిలోల దాకా ఉంటుందని తెలిశాక మా బండి మీద నాకున్న విసుగు కొంత తగ్గింది.

జూలై

నాలుగో తేదీ బాణసంచా రాత్రి. ఏడాదిలో అన్నిటికంటే పెద్ద జనం, ఒక్కొక్కరికి ఒకసారికి రెండు కప్పుల కంటే ఇవ్వకూడదన్న నియమం మీద అన్నిటికంటే ఎక్కువ వాదన. ఆ నియమం ఎందుకుందో తెలియాలంటే 1974 జూన్ 4న క్లీవ్‌లాండ్‌లో జరిగినది చెప్పాలి. టెక్సస్ రేంజర్స్‌తో ఆటకు జనం రావాలని బీరు కప్పు పది సెంట్లకు పెట్టి, ఒకసారికి ఆరు దాకా కొనుక్కోనిచ్చారు. పాతికవేల మంది వచ్చారు. తొమ్మిదో ఇన్నింగ్సులో జనం మైదానంలోకి దూకి ఆటగాళ్ళ మీద పడ్డారు, అంపైర్లు ఆట ఆపి గెలుపు టెక్సస్‌కు ఇచ్చేశారు. వేగంగా పోయడం మా పని. ఒకే మనిషికి వేగంగా పోయడం కాదు. వచ్చిన మనిషే మళ్ళీ మళ్ళీ వస్తున్నాడా అన్నది కప్పులు అందించే మూడోవారు గమనిస్తారు, ఎందుకంటే ముఖాలు తీరిగ్గా చూడగలిగేది వాళ్ళొక్కరే.

కప్పుల విషయం కూడా ఈ నెలే తేలింది. సన్నగా పొడవుగా ఉన్న కప్పు పెద్దదిగా కనబడుతుంది. 2014లో ఐడహో రాష్ట్రం బోయిసీలోని ఒక హాకీ మైదానంలో నాలుగు డాలర్ల చిన్న కప్పు బీరు, ఏడు డాలర్ల పెద్ద కప్పులో సరిగ్గా పట్టేయడాన్ని అభిమానులు వీడియో తీసి చూపించగా వ్యవహారం దావా దాకా వెళ్ళింది. మేము రెండు కప్పులనూ నీళ్ళతో కొలిచి చూశాం; అంచుదాకా పోస్తే చెప్పిన కొలత ఉంది, నురగకు చోటు లేదు. ఇప్పుడు వస్తున్న కప్పులకు గీత ఉంది, గీత పైన నురగకు చోటుంది. కొత్తగా వచ్చిన వాళ్ళకు ఎక్కడ ఆపాలో నేర్పాల్సిన పని తప్పింది.

ఆగస్టు

మనిషికి ముప్పావు నిమిషం నుంచి పాతిక సెకన్లకు కాస్త అటూ ఇటూగా వచ్చాం. మామూలు రోజుల్లో విరామం ముగిసేసరికి వరుసలో ముగ్గురో నలుగురో మిగులుతున్నారు. ఇంకా తగ్గించాలంటే మూడో కార్డు యంత్రం కావాలి, దాన్ని ఇచ్చేది మేము కాదు. కుళాయిలో ఇంకా పిండుకోగలిగిందేమీ లేదని మెకానిక్ కూడా అన్నాడు.

మిగిలిన చిక్కు ఏడో ఇన్నింగ్సు చివర్లోది. గడువు దగ్గరపడిందని తెలియగానే అందరూ ఒక్కసారి వస్తారు, చివరి మనిషి దగ్గర కుళాయి కట్టేయాలి, ఆ మనిషి ఎవరన్నది తగవు. ఏడో ఇన్నింగ్సులో రెండో అవుటు పడగానే మాస్టారుగారు కౌంటరు వదిలి వరుస చివరికి వెళ్ళి నిలబడే పద్ధతి గత వారం నుంచి పెట్టాం. ఆయన వెనక ఎవరూ చేరరు. వాదించేవాళ్ళు ఆయనతో వాదిస్తారు, పోసేవాళ్ళ చేతులు ఆగవు. జట్టు వచ్చే శుక్రవారం ఊరికి తిరిగి వస్తోంది. పీపాలు గురువారమే దిగేలా చూడమని మేనేజరుకు సందేశం పంపాను, గొట్టాలు కడిగిన తేదీ కూడా అడిగాను.